ఒంటికి దొరికిన మాన్యం

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో పొలాలకు పేర్లుంటాయి. వాగు పక్కన ఉంటే వాగు చేను, చింతమాను కింద ఉంటే చింతమాను చేను. వాటి మధ్య అక్కడక్కడ ‘మాన్యం’ అనే మాట వినిపిస్తుంది. గుడి మాన్యం, తలారి మాన్యం, మంగలి మాన్యం. ఇవాళ ఆ నేలను ఎవరు దున్నుతున్నా, అది ఎన్ని చేతులు మారినా, పాత పేరు మాత్రం పోదు. ఒకప్పుడు ఆ నేలకు శిస్తు లేదని, ఉన్నా నామమాత్రమేనని ఆ పేరుకు అర్థం.

ఈ అధ్యాయం రోగనిరోధక శక్తి గురించి. దాన్ని శిస్తు లేని నేలతో మొదలుపెట్టడానికి బలమైన కారణమే ఉంది. రోగనిరోధక శక్తికి ఇవాళ లోకమంతా వాడే ‘ఇమ్యూనిటీ’ అన్న మాట వైద్యుల దగ్గర పుట్టలేదు, పన్నుల లెక్కల్లో పుట్టింది. లాటిన్ భాషలో దాని మొదటి అర్థం, మన పల్లెల్లో మాన్యం అన్న మాటకున్న అర్థం దాదాపు ఒక్కటే. ఈ చుట్టరికాన్ని పట్టుకుని వెళితే మన ఒంట్లో జరిగే పని చాలావరకు తేటపడుతుంది.

రాయి మీద రాసిన మినహాయింపు

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. రాళ్ళ మీదా రాగిరేకుల మీదా ఉన్న రాతలను తాలూకాల వారీగా కూర్చిన పెద్ద పని అది. ఇలాంటి దానశాసనాల్లో తరచూ కనిపించే మాట సర్వమాన్యం. అంటే అన్ని పన్నుల నుంచీ మినహాయింపు. ‘మాన్య’ అన్న సంస్కృత పదానికి మన్నించదగినది, గౌరవించదగినది అని అర్థం. రాజు ఒక నేలను మన్నించాడంటే దాని జోలికి పన్ను వసూలుదారు రాడన్నమాట. కొండకోనలను చెప్పే ‘మన్యం’ వేరు, ఈ మాన్యం వేరు. ఒక్క దీర్ఘంతో అర్థం మారిపోతుంది.

ఉదయగిరి దుర్గం విజయనగర కాలంలో ఒక రాజ్యభాగానికి కేంద్రం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఇక్కడినుంచి పాలిస్తూ 1369లో కొండల అవతల పోరుమామిళ్ళ చెరువు శాసనం వేయించాడు. గజపతుల చేతిలోకి పోయిన ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి 1515లో అక్కడ కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఉదయగిరితో మొదలైన ఆ దండయాత్రల దశలోనే, 1517లో, చోళదేశపు శివాలయాలకూ విష్ణ్వాలయాలకూ పదివేల వరాహాల మేర పన్నులు మాఫీ చేశాడు. మాఫీ అరబ్బీ నుంచి వచ్చిన మాట. మాన్యం, మాఫీ, ఇనాం, అగ్రహారం, శ్రోత్రియం అంటూ మినహాయింపుకు ఇన్ని పేర్లు పెట్టుకున్న నేల ఇది.

మాన్యం ఉత్తినే రాదు. ఊరికి కాపలా కాసినందుకు తలారికి మాన్యం. గుడిలో దీపం పెట్టినందుకు పూజారికి మాన్యం. చెరువు తవ్వించి కట్టను కాపాడినందుకు దశబంధ మాన్యం. ఆ పని ఆగిపోతే మాన్యం నిలవదు. శిస్తు కట్టనక్కర్లేదంటే ఊరికి ఏమీ చేయనక్కర్లేదని కాదు. ధాన్యంగానో డబ్బుగానో కట్టాల్సిన భారం సేవగా మారిందన్నమాట. ఎవరికి ఏ మాన్యం ఎందుకు వచ్చిందో తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను పెట్టింది. స్వాతంత్ర్యం తరవాత 1956 చట్టంతో ఆంధ్ర ప్రాంతపు ఇనాములు రద్దయి రైతువారీ భూములయ్యాయి. చట్టం పోయినా మాట మిగిలింది.

లాటిన్‌లో అదే కథ

లాటిన్‌లో ‘మూనుస్’ అంటే పౌరుడు ఊరి కోసం మోయాల్సిన భారం. పన్ను కావచ్చు, కొలువు కావచ్చు, ఊరికి చేసే సేవ కావచ్చు. ఆ మాటకు కానుక అనే అర్థం కూడా ఉంది. ఆ భారం లేనివాడు ‘ఇమ్మూనిస్’. రోము సైన్యంలో కమ్మరులు, వైద్యులు, కొలతలు వేసేవాళ్ళు లాంటి పనిమంతులను ఆ పేరుతోనే పిలిచేవారు. కందకాలు తవ్వడం, కాపలా తిరగడం లాంటి మామూలు చాకిరీ వాళ్ళకు ఉండేది కాదు. వాళ్ళ చేతిలోని పనే వాళ్ళు ఇచ్చే శిస్తు. మన తలారి మాన్యానికి ఇంత దగ్గరి బంధువు రోములో దొరకడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

అదే మూనుస్ నుంచి ఇంకో మాట పుట్టింది. భారాన్ని కలిసి మోసేవాళ్ళది ‘కొమ్మూనిస్’. కమ్యూనిటీ అన్న మాట అక్కడిదే. మన మాటల్లో చెప్పాలంటే ఒకటి మాన్యం, ఒకటి ఉమ్మడి. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలని గుర్తుంచుకోండి. అధ్యాయం చివర్లో మళ్ళీ కలుస్తాయి.

పన్నుల మాట రోగానికి ఎలా వచ్చింది? క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి లూకన్, ఉత్తర ఆఫ్రికాలోని ప్సిల్లి అనే తెగ గురించి రాస్తూ పాముకాటు వాళ్ళను ఏమీ చేయలేదని చెప్పడానికి ఈ మాటే వాడాడు. మృత్యువు వసూలు చేసే పన్ను వాళ్ళకు లేదన్నట్టు. విషయం మాత్రం అంతకన్నా పాతది. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను ఊడ్చిపెట్టిన మహమ్మారి గురించి చరిత్రకారుడు థుసిడైడిస్ రాశాడు. ఒకసారి జబ్బుపడి లేచినవాళ్ళే రోగులకు సేవ చేశారని, రెండోసారి ఆ జబ్బు వచ్చినా ప్రాణం తీయలేదని గమనించాడు. 19వ శతాబ్దం చివరికి శాస్త్రవేత్తలు ఆ గమనింపుకు కారణం వెతకడం మొదలుపెట్టేసరికి మాట సిద్ధంగా ఉంది.

ఒక మాటకు మూడు తెలుగులు

తెలుగు పత్రికలో ఈ మాట మూడు వేషాల్లో కనిపిస్తుంది. విదేశీ రాయబారి మీద కేసు పెట్టలేరన్న వార్తలో అది ‘దౌత్యపరమైన రక్షణ’. దాని వెనక 1961 నాటి వియన్నా ఒప్పందం ఉంది. రాష్ట్రపతి మీద, గవర్నర్ల మీద పదవిలో ఉండగా క్రిమినల్ కేసు నడపరాదనే రాజ్యాంగం 361వ అధికరణంలో అది ‘మినహాయింపు’. ఆరోగ్యం పేజీలో ‘రోగనిరోధక శక్తి’. పాఠ్యపుస్తకాల్లో ‘అసంక్రామ్యత’ అనే మాట కూడా ఉంది, అంటనితనం అని దాని అర్థం. ఇవన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయని పాఠకుడికి తెలిసే వీలు లేదు.

చట్టంలోని మినహాయింపుకు హద్దు ఎక్కడన్నది పెద్ద ప్రశ్న. పి.వి. నరసింహారావు పేరుతో ఉన్న 1998 తీర్పులో, లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు మెజారిటీతో చెప్పింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. సభ్యుడు భయం లేకుండా మాట్లాడటానికి ఇచ్చిన రక్షణ లంచానికి గొడుగు కాదన్నది దాని సారాంశం. ఏ పనికోసం మాన్యం ఇచ్చారో ఆ పనికే అది చెల్లుతుంది. మన ఒంటికీ ఇదే నియమం.

ఇక్కడే నాకు ‘శక్తి’ అన్న మాటతో పేచీ ఉంది. రోగనిరోధక శక్తి అనగానే కండబలం లాంటిదేదో మనసులో మెదులుతుంది. తింటే పెరుగుతుంది, తాగితే రెట్టింపవుతుంది, డబ్బాలో పెట్టి అమ్మొచ్చు అనిపిస్తుంది. మంచి తిండి, నిద్ర లేకపోతే ఒళ్ళు తట్టుకోలేదన్నది నిజమే. కానీ దుక్కలాంటి వస్తాదుకు కూడా, ఎన్నడూ చూడని మశూచి ముందు ఆ కండలు అక్కరకు రావు. ఎప్పుడో అమ్మవారు పోసి లేచిన బక్క ముసలమ్మ అదే రోగి పక్కన కూర్చుని వేపాకుతో విసరగలదు. ఆమెకు ఉన్నది బలం కాదు. ఆ ఒక్క రోగం విషయంలో ఆమె ఒంట్లో రాసిపెట్టి ఉన్న మినహాయింపు.

ఈ సంగతి మన ఊళ్ళకు తెలుసు. మశూచిని పెద్దమ్మవారు అనీ, ఆటలమ్మను చిన్నమ్మవారు అనీ పిలిచిన రోజుల్లో, అమ్మవారు పోసిన ఇంటికి కొత్తవాళ్ళను రానిచ్చేవారు కాదు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. సేవకు ముందుకొచ్చేది ముఖం మీద మచ్చలున్నవాళ్ళే. ఊరి పొలిమేరను కాచే పోలేరమ్మకు పొంగళ్ళు పెట్టుకుంటూనే, ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదన్న లెక్కను ఊరు మరిచిపోలేదు. ఆ భక్తిని చిన్నచూపు చూడనక్కర్లేదు. దానిలోపల తరతరాలు జాగ్రత్తగా చూసిన చూపు దాగి ఉంది.

పిత్రార్జితం

మన దగ్గర ఆస్తిని ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి పిలుస్తాం. తాతముత్తాతల నుంచి వస్తే పిత్రార్జితం, సొంతంగా సంపాదిస్తే స్వార్జితం, ఒకరు ఇస్తే ఇనాం, తిరిగి పోయేది బదులు. ఒంటి రక్షణ కూడా అచ్చం ఈ నాలుగు తీర్లలో వస్తుంది.

పుట్టుకతో వచ్చేది పిత్రార్జితం. చర్మం మన పొలిమేర. ముక్కులోని జిగురు, కన్నీళ్ళు, కడుపులోని ఆమ్లం సరిహద్దు రాళ్ళు. వాటిని దాటి ముల్లు గుచ్చుకుంటే గంటల్లో అక్కడ ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. ఆ చీము చాలావరకు పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలే. 1882లో ఇటలీలోని మెస్సినాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్ర చేప పిల్లల ఒంట్లో చిన్న ముల్లు గుచ్చాడు. గాజులా పారదర్శకంగా ఉండే ఆ జీవిలో మర్నాటికి కణాలు ముల్లు చుట్టూ మూగడం సూక్ష్మదర్శినిలో కనిపించింది. వాటికి తినే కణాలని పేరు పెట్టారు. ఈ కణాలు ఎవరొచ్చినా ఒక్కలాగే మీద పడతాయి. పేరూ ఊరూ అడగవు, ఎవరినీ గుర్తుపెట్టుకోవు.

స్వార్జితం

గుర్తుపెట్టుకునే కణాలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ఎముకల మూలుగలో, మరికొన్ని రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో సిద్ధమవుతాయి. ఒక్కో కణం ఒక్కో ఆకారాన్ని మాత్రమే పట్టుకోగలదు. కోటానుకోట్ల తాళాలు ఒళ్ళంతా తిరుగుతూ ఉన్నాయనుకోండి. కొత్త క్రిమి రాగానే దాని చెవికి సరిపోయిన తాళం ఏ కొద్ది కణాల దగ్గరో ఉంటుంది. అవి వేగంగా పిల్లలు పెడతాయి. వాటిలో కొన్ని, క్రిమిని అంటిపట్టుకునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఇందుకు వారం పది రోజులు పడుతుంది, జ్వరంతో మనం మంచం పట్టేది ఆ రోజుల్లోనే. రోగం తగ్గాక ఆ కణాల్లో చాలా భాగం చచ్చిపోతాయి. కొన్ని మాత్రం జ్ఞాపకాన్ని దాచుకుని మిగులుతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే ఈసారి వారం అక్కర్లేదు, మనకు తెలియకుండానే పని పూర్తవుతుంది.

దానశాసనంలో పొలిమేరలు రాస్తారు. తూర్పున గుండు, పడమర చింతమాను, ఉత్తరాన వాగు అని. ఆ హద్దుల లోపలి నేలకే మాన్యం, పక్క చేనుకు కాదు. జ్ఞాపక కణాలూ అంతే. తట్టు వచ్చి తగ్గినవాడికి తట్టు నుంచే మినహాయింపు, ఆటలమ్మ నుంచి కాదు. అరుదుగా రెండు క్రిముల హద్దులు కలుస్తాయి. ఆవు పొదుగు మీద లేచే పొక్కుల క్రిమి, మశూచి క్రిమి దగ్గరి చుట్టాలు. ఎడ్వర్డ్ జెన్నర్ 1796 మే 14న ఒక ఎనిమిదేళ్ళ బాలుడికి ఆవు పొక్కుల రసి ఎక్కించి, తరవాత మశూచి రసి ఎక్కించినా జబ్బు రాకపోవడం చూశాడు. ఒకరి పట్టా చూపించి ఇంకొకరి నేల దక్కించుకున్నట్టు అన్నమాట. లాటిన్‌లో ఆవుకు ‘వక్కా’ అని పేరు, వ్యాక్సిన్ అన్న మాట అందులోంచే వచ్చింది. మన ‘టీకా’ బొట్టు అనే అర్థమున్న హిందీ మాట. అంతకుముందే ఉత్తరాదిలో, ముఖ్యంగా బెంగాల్లో, మశూచి రసినే కొద్దిగా ఒంటికి ఎక్కించే టీకాదారులు ఉండేవారు. జెన్నర్ టీకా 1802 జూన్ 14న బొంబాయిలో మొదటిసారి మన దేశంలో పడింది.

టీకా అంటే రోగం లేకుండా సంపాదించే స్వార్జితం. అసలు దొంగను ఇంట్లోకి రానీయకుండా అతడి ముఖం పోలికను తలారికి చూపించడం లాంటిది. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో ఆ సంస్థ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. ఆ క్రిమి పైపొరలోని ఒక్క ప్రొటీన్ తాలూకు జన్యువును ఈస్ట్ కణంలో పెడితే, ఈస్ట్ ఆ ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. టీకాలో క్రిమి ఉండదు, దాని ముఖం పోలిక మాత్రమే ఉంటుంది. విదేశీ టీకా మోతాదుకు వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో ఇది అందులో చిన్న వంతు ధరకే దొరికింది. కాలేయాన్ని తినేసి క్యాన్సర్‌దాకా తీసుకెళ్ళే రోగం నుంచి మినహాయింపు, కూలిపని చేసుకునే ఇంటికి కూడా అందుబాటులోకి వచ్చింది. ఇవాళ సర్కారు దవాఖానాల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు ఇస్తారు.

ఇనాం, బదులు

ఇనాం అంటే అరబ్బీలో కానుక. తల్లి బిడ్డకు ఇచ్చే కానుక ఇది. కడుపులో ఉండగానే మాయ ద్వారా తల్లి యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి. గర్భిణికి ధనుర్వాతం టీకా వేసేది అందుకే. బొడ్డు కోసిన పుండులోంచి వచ్చే ఆ జబ్బు ఒకప్పుడు పురిట్లోనే ఎందరో పసికందులను మింగింది. 2015కి మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. పుట్టాక ముర్రుపాలు రెండో కానుక. వాటిని పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉండేది. బిడ్డకు రాసిచ్చిన ఇనాం పత్రాన్ని చించెయ్యడమే అది.

గేదె దూడకైతే ఈ కానుక ఇంకా ముఖ్యం. పశువుల మాయ యాంటీబాడీలను దాటనివ్వదు కాబట్టి దూడ ఖాళీ చేతులతో పుడుతుంది. జున్నుపాలే దానికి దిక్కు. అవి కూడా మొదటి కొన్ని గంటల్లోనే పట్టాలి. రోజు గడిస్తే దూడ పేగు ఆ యాంటీబాడీలను లోపలికి తీసుకోదు. జున్ను వండుకునే ముందు దూడ కడుపు నిండిందా అని చూసే పెద్దవాళ్ళ మాట పూర్తిగా నిజం.

అయితే ఇనాం కరిగిపోతుంది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కొన్ని వారాలకు సగం అవుతూ నెలల్లో తరిగిపోతాయి. అవి ఒంట్లో ఎక్కువగా ఉండగా తట్టు టీకా వేస్తే టీకానే అడ్డుకుంటాయి. అందుకే మన దగ్గర ఆ టీకా తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. తల్లి కానుక తరిగి బిడ్డ స్వార్జితం మొదలవ్వాల్సిన వేళ అది.

బదులు పాముకాటు దగ్గర కనిపిస్తుంది. ఉదయగిరి చుట్టుపక్కల మెట్ట చేలల్లో తెల్లవారుజామున పనికి వెళ్ళేవాళ్ళకు రక్తపింజరి, కట్లపాము భయం కొత్తది కాదు. కాటు వేసిన విషానికి ఒళ్ళు సొంతంగా యాంటీబాడీలు చేసుకునేంత వ్యవధి ఉండదు. అందుకని కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రాల నెత్తురులోంచి యాంటీబాడీలు తీసి రోగికి ఎక్కిస్తారు. జర్మనీలో బేరింగ్, జపాన్ నుంచి వచ్చిన కితసాటో 1890లో ధనుర్వాతానికీ కంఠసర్పికీ ఈ దారి చూపారు. ఇదంతా గుర్రం ఇచ్చిన బదులు. ప్రాణం నిలబెట్టి కొన్నాళ్ళకు వెళ్ళిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు. ఒకసారి ఆ ఇంజెక్షన్ పడినవాడికి మళ్ళీ కాటు పడితే మళ్ళీ ఆసుపత్రే గతి.

ఆచంద్రార్కమా?

దానశాసనాల్లో గడువు రాసేటప్పుడు ఆచంద్రార్కం అంటారు. సూర్యచంద్రులున్నంత కాలం అని. ఒంట్లోని మాన్యాలకు ఆ గడువు ఉందా?

కొన్నింటికి బతికినంత కాలమూ ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులకు 1781లో తట్టు వచ్చింది. తరవాత 65 ఏళ్ళు ఆ దీవుల్లో ఆ జబ్బు లేదు. 1846లో మళ్ళీ వచ్చినప్పుడు 7,782 మంది జనాభాలో సుమారు 6,000 మంది మంచం పట్టారు. అక్కడికి వెళ్ళిన డెన్మార్క్ యువ వైద్యుడు పానుమ్ ఒక సంగతి గమనించాడు. 1781లో తట్టు వచ్చిన ముసలివాళ్ళలో ఆయనకు తెలిసినంతలో ఒక్కరికీ రెండోసారి రాలేదు. 65 ఏళ్ళలో ఒక్కసారి కూడా పని పడని జ్ఞాపకం చెక్కుచెదరకుండా నిలబడింది.

ధనుర్వాతం టీకాకు ఆ గడువు లేదు, కొన్నేళ్ళకొకసారి గుర్తుచేయాలి. ఫ్లూ క్రిమి ఏటేటా ముఖం మార్చుకుంటుంది. జ్ఞాపకం ఉన్నా మనిషి దొరకని పరిస్థితి. తట్టు చేసే పని అన్నిటికన్నా దారుణం. అది జ్ఞాపక కణాల్లోకే చొరబడి వాటిని చంపుతుంది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో పాత రోగాలకు ఉన్న యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో వచ్చిన పరిశోధన చూపింది. ఊళ్ళోకి వచ్చిన శత్రువు శాసనాల రాళ్ళన్నీ పగలగొట్టి పోయినట్టు. ‘తట్టే కదా, పిల్లలకు వచ్చి పోతుంది’ అనే మాట ఇకనైనా మానుకోవాలి.

కంచే చేను మేస్తే

రక్షణ ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకుంటాం. పోరుమామిళ్ళ శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం ఒకటైతే, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం ఇంకొకటి. ఎక్కువ కూడా దోషమే అని 1369 నాటి ఆ పెద్దలకు తెలుసు.

‘నాకు వంకాయ పడదు’ అంటాం. ఆ ‘పడకపోవడం’ అన్న ఒక్క మాటలో అలెర్జీ అంతా ఉంది. హాని చేయని వంకాయనో, పుప్పొడినో శత్రువనుకుని ఒళ్ళు కర్ర ఎత్తడం అది. ఇంకా తీవ్రమైనది కీళ్ళవాతంలో ఒక రకం. మన కీళ్ళనే పరాయివనుకుని రక్షక కణాలు తినేస్తాయి. కంచే చేను మేయడం అంటే ఇదే. మామూలుగా ఇలా జరగకుండా థైమస్‌లో ఒక పరీక్ష ఉంటుంది. కొత్త తలారిని ఊరంతా తిప్పి, ఇంటింటి మనుషులను చూపించి, మనవాళ్ళ మీద కర్ర ఎత్తినవాడిని అక్కడే తొలగిస్తారు. ఆ పరీక్ష తప్పించుకున్న కొద్దిమందే జబ్బు తెస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధనల ఫలంగా వచ్చిన మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సర్ మందు. ఇప్పుడు తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి ముఖ్యమైన మందుల్లో ఒకటి. రోగనిరోధక శక్తిని తగ్గించి మనిషిని నడిపించే మందు అది. ‘శక్తి పెంచుకోండి’ అన్న ప్రకటన చూసినప్పుడల్లా ఈ మందు గుర్తుకు రావాలి.

మాన్యం, ఉమ్మడి

ఇప్పుడు లాటిన్ కవలల దగ్గరికి వద్దాం.

ఉదయగిరి మెట్టల్లో గొర్రెల మందలు ఎక్కువ. తెల్లటి పల్ల, నల్ల మచ్చల జోడిపి, గోధుమరంగు దొర, మూడూ నెల్లూరు జాతివే. వానలకు ముందే చిటుకు రోగం టీకా వేయించాలని మంద కాసే ప్రతి మనిషికీ తెలుసు. పారుడు రోగం లాంటి అంటురోగాలకైతే సగం మందకు టీకా వేసి సగం వదిలేయడు. మంద మొత్తాన్ని ఒకటిగా చూస్తాడు. వైద్యంలో ఇవాళ ‘మంద రక్షణ’ అనే భావన 1910లలో అమెరికా పశువైద్యుల రాతల్లోంచే వచ్చింది. మనుషుల వైద్యం దాన్ని పశువుల కొట్టం నుంచి నేర్చుకుంది.

లెక్క తేలిక. రక్షణ లేని ఊళ్ళో తట్టు వచ్చిన ఒక్క బిడ్డ 12 నుంచి 18 మందికి అంటిస్తుంది. పదిహేను అనుకుందాం. ఆ పదిహేనుమందిలో పద్నాలుగు మందికి మాన్యం ఉంటే రోగం ఒక్కరికే అంటుతుంది. అంతకన్నా ఎక్కువమందికి ఉంటే నిప్పు దానంతట అదే ఆరిపోతుంది. పదిహేనింట పద్నాలుగు అంటే 93 శాతం. వేసిన ప్రతి టీకా పనిచేయదు కాబట్టి 95 శాతం గురి పెట్టుకుంటారు. అప్పుడు మిగిలిన ఐదు శాతానికి టీకా లేకపోయినా రోగం వాళ్ళదాకా రాదు. ఆ ఐదు శాతంలో ఎవరుంటారు? తొమ్మిది నెలలు నిండని పసికందు, క్యాన్సర్ మందులు వాడుతున్న మనిషి, మూత్రపిండం మార్చుకున్న మనిషి. తమ ఒంట్లో మాన్యం రాసుకునే వీలు లేనివాళ్ళు.

అంటే నా భుజం మీద పడిన టీకా నాకు మినహాయింపు, పక్కింటి పసిబిడ్డకు రక్షణ. ఇమ్మూనిస్, కొమ్మూనిస్ ఒకే సూదిమొన మీద కలుస్తాయి. తలారికి మాన్యం ఇచ్చింది తలారి బాగు కోసం మాత్రమే కాదు, ఊరి నిద్ర కోసం. ఈ ఉమ్మడి లెక్కతోనే మశూచి భూమి మీద లేకుండా పోయింది. మన దేశంలో చివరి కేసు 1975లో, ప్రపంచంలో సహజంగా వచ్చిన చివరి కేసు 1977లో సోమాలియాలో. 1980లో ప్రపంచ ఆరోగ్య సభ మశూచి పోయిందని ప్రకటించింది. పశువులను మందలకు మందలుగా చంపిన ముసర వ్యాధి 2011లో అదే దారి పట్టింది. 2011 జనవరి తరవాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. ఇవేవీ ఒక్కరి శక్తితో అయిన పనులు కావు.

1980కి ముందు పుట్టిన చాలామంది చేతుల మీద గుండ్రటి మచ్చ ఉంటుంది. మశూచి టీకా గుర్తు. ఇప్పటి పిల్లల ఎడమ భుజం మీద క్షయ టీకా మచ్చ చిన్నగా కనిపిస్తుంది. ఊరి చివర శాసనం రాయికీ ఈ మచ్చకూ నాకు తేడా కనిపించదు. రెండూ ఒక మినహాయింపుకు సాక్ష్యం.

దానశాసనాల చివర సాధారణంగా ఒక మాట ఉంటుంది. తాను ఇచ్చిన దానం కంటే ఇతరులు ఇచ్చిన దానాన్ని కాపాడటం రెండింతల పుణ్యమని ఆ మాట సారాంశం. మశూచి లేని లోకాన్ని మనం సంపాదించలేదు. ముఖాన మచ్చలతో రోగుల పక్కన కూర్చున్నవాళ్ళు, ఎండలో పల్లె పల్లె తిరిగిన టీకాల మనుషులు మనకు ఇచ్చి పోయారు. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఈ బుధవారం ఒక తల్లి టీకాల కార్డు పట్టుకుని వరసలో నిలబడితే, ఆమె చేస్తున్నది ఆ రెండింతల పుణ్యమే.